కుటుంబం అనగా

ఈ వారం మా ఆఫీసులో కొత్త ఏడాది ఆరోగ్య బీమా పాలసీ వచ్చింది. మెయిల్లో వచ్చినదాన్ని అందరూ అలాగే వదిలేస్తారు. నేను ప్రింటు తీసుకున్నాను. సీటు దగ్గర కూర్చుని చివరి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. కొన్ని పేజీలు వెనక్కి వచ్చాక గాని నేనేం చేస్తున్నానో నాకే తెలియలేదు. మా చిన్నమ్మ అలా చదివేది. ఆవిడ పోయి నెల దాటింది.

నెల దాటినా నాకు పెద్దగా ఏమీ అనిపించడం లేదు. ఎలా ఉన్నావని అందరూ అడుగుతున్నారు. బాగానే ఉన్నానని చెబుతున్నాను, అది అబద్ధమూ కాదు. తింటున్నాను, నిద్రపోతున్నాను, పొద్దున్నే ఆఫీసుకి సెక్టర్ ఫైవ్ ఆటో ఎక్కుతున్నాను. పంటి డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో లోపలంతా అలా ఉంది. ముట్టుకుంటే తెలుస్తుంది గాని నాది అనిపించదు.

చిన్నమ్మ అంటే మా అమ్మకి సొంత చెల్లెలు. హౌరాకి గంగ అవతల, డల్హౌసీ ఆఫీసుల పేటలో బీమా సర్వేయరు ఒకాయన చిన్న ఆఫీసు పెట్టుకుని ఉండేవాడు. ఎక్కడ సరుకు తడిసినా, గోడౌను కాలినా వెళ్ళి చూసి, నష్టం ఎంతో, పాలసీ ప్రకారం ఇవ్వచ్చో లేదో రాసిచ్చే పని ఆయనది. అది టైపు చేసే పని చిన్నమ్మది. లిలువా నుంచి హౌరాకి లోకల్, అక్కణ్ణించి గంగ దాటడానికి లాంచీ. జీవితమంతా అదే దారి. ఇతరుల నష్టాలు టైపు చేసి చేసి ఆవిడకి పాలసీ కాగితాలు కొట్టినపిండి అయిపోయాయి.

ఆదివారం మధ్యాహ్నాలు లిలువాలో నాన్నకిచ్చిన రైల్వే క్వార్టర్లో మా ముందుగదే ఆవిడ దర్బారు. చుట్టుపక్కల తెలుగువాళ్ళెవరు బీమా తీసుకున్నా ఆ కాగితాలు పట్టుకుని రావలసిందే. మగవాడు ఒక్కడే వస్తే వెనక్కి పంపేసేది.

"మీ ఆవిడేది? రేపు నువ్వు పోతే ఈ కాగితం పట్టుకుని తిరిగేది ఆవిడ కాదేటి?" అనేది మొహం మీదే. కొత్తగా పెళ్ళయినవాడని కూడా చూసేది కాదు.

భార్య వచ్చాక ఇద్దర్నీ చాప మీద కూర్చోబెట్టేది. చేతిలో స్టీలు స్కేలు. ఒక్కో లైను కింద స్కేలు పెట్టి, ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పి, "బుఝ్‌లే?" అని బెంగాలీలో అడిగేది. అర్థమైందా అని ఆ అడగడం మొగుణ్ణి కాదు, పెళ్ళాన్ని. ఆ అమ్మాయి తన మాటల్లో తిరిగి చెప్పాలి. తడబడితే స్కేలు మళ్ళీ పై లైనుకి వెళ్ళేది. వచ్చినవాళ్ళు తెచ్చిన మిఠాయి పొట్లం అంతసేపూ విప్పకుండా పక్కనే ఉండేది. చదవడం పూర్తికాకుండా నోట్లో వేసుకునేది కాదు, నన్ను వేసుకోనిచ్చేదీ కాదు. నాకు ఆ విషయంలో ఆవిడ మీద చాలా కోపంగా ఉండేది.

ముందు పేజీని మాత్రం తీసి బోర్లా పెట్టేసేది. పేరు, వయసు, ఎంతకి బీమా, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, అన్నీ అందులోనే ఉంటాయి. అందరూ ఇష్టంగా చూసుకునే పేజీ అది. "అది పెళ్ళిచూపుల ఫొటో. తర్వాత చూద్దుం ఉండు" అనేది. ఏమేం ఇస్తామో రాసినచోట "ఇక్కడ చూడు, చేతికి ఎముకే నేదు" అని నవ్వేది. ఏమేం ఇవ్వమో రాసినచోటికి వచ్చేసరికి గొంతు తగ్గించేది, జబ్బుమనిషి గదిలో మాట్లాడినట్టు. షరతుల దగ్గర స్కేలుతో నేల మీద కొట్టేది. "ఇదంతా నీ పని. ఎప్పట్లోగా చెప్పాలి, ఏ కాగితం ఇవ్వాలి. ఇది చెయ్యలేదనుకో, పైన చదివిందంతా కథే."

అన్నిటికంటే ఎక్కువసేపు ఆగేది నిర్వచనాల దగ్గర. "ఇక్కడికొచ్చీసరికి మన మాటలు మనవి కావు. ఆస్పత్రి అంటే నువ్వనుకున్న ఆస్పత్రి కాదు. ఈళ్ళు ఏది ఆస్పత్రి అని రాసేరో అదే ఆస్పత్రి. కుటుంబం అనగా ఎవరెవరని రాసేరో ఆళ్ళే నీ కుటుంబం. మిగతావోళ్ళు నీ ఇంట్లో తింటన్న చుట్టాలు."

ఒకసారి వర్క్‌షాపు ఫిట్టరు ఒకాయన ఉత్సాహంగా వచ్చి, గంటసేపు విని, దిగాలుగా లేచాడు.

"సంతోషంగా వచ్చినోణ్ణి ఇలగ చేసీసావేటి పిన్నీ. శుక్లం ఆపరేషనుకి రెండేళ్ళు ఆగాలంటన్నావు. కన్ను ఆగుతాదేటి?"

"కన్ను ఆగదు. అందుకే కన్ను బాగున్నప్పుడే చదువుకోమంటన్నాను" అంది చిన్నమ్మ. అప్పుడు మిఠాయి పొట్లం విప్పింది. ఆయన తినకుండా వెళ్ళిపోయాడు.

ఇలా ఉండేది కాబట్టి కొందరు కొత్త పాలసీ సంగతి ఆవిడకి తెలియకుండా దాచేవాళ్ళు. బీమా ఏజెంట్లు ఆవిణ్ణి చూస్తే రోడ్డు దాటి అవతలికి పోయేవాళ్ళు. చిన్నమ్మకి అదేం పట్టేది కాదు, పైగా కొంచెం గర్వంగా కూడా ఉండేదని నా అనుమానం.

వెనకనుంచి చదవడం మాత్రం ఆవిడకి మొదట్నుంచీ ఉన్న అలవాటు కాదు. ఒక వానాకాలం మా దగ్గర బియ్యం కొట్లోకి నీళ్ళొచ్చాయి. కొట్టాయన టెక్కలి మనిషి. పాలసీ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. చిన్నమ్మ ముందునుంచి చదివి, వరద నష్టం ఇవ్వరని రాసి ఉంది, ఆశ పెట్టుకోవద్దంది. ఆయన ఆ మాట నమ్మి, తడిసిన బస్తాలన్నీ ఆ పూటే తీయించి పారబోయించేశాడు. మర్నాడు ఏదో అనుమానమొచ్చి చిన్నమ్మ మళ్ళీ వెళ్ళి చూసింది. ఆఖరి పేజీ వెనక ఒక చీటీ అంటించి ఉంది. వరదని కూడా కలుపుతున్నామని అందులో ఉంది. అలా తర్వాత అంటించినదాన్ని ఎండార్స్‌మెంటు అంటారు. ముందు ఏం రాసి ఉన్నా దాని మాటే చెల్లుతుంది. కాని అప్పటికి చూపించడానికి కొట్లో ఒక్క బస్తా లేదు. సర్వేయరు వచ్చి ఖాళీ నేల చూసి వెళ్ళాడు.

ఆ కొట్టాయన ఆవిణ్ణి ఒక్కమాట అనలేదు. చిన్నమ్మ ఆ తర్వాత చాలాకాలం ఆ కొట్టు ముందునుంచి నడవలేదు, స్టేషనుకి చుట్టూ తిరిగి వెళ్ళేది. అప్పట్నుంచే చివరి పేజీ ముందు తిప్పడం. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు ఉండాలనే పట్టుదల కూడా అప్పుడే ముదిరిందనుకుంటాను.

ఆవిడ మా ఇంటికి వచ్చిన సంగతి కూడా చెప్పాలి. నన్ను కని మా అమ్మ పోయింది. పలాస నుంచి చిన్నమ్మ రైలెక్కి వచ్చింది. భార్య పోతే మరదల్ని చేసుకోవడం మా వైపు మామూలే. పిల్లకి సవతితల్లి బాధ ఉండదంటారు. పెద్దలు ఆ ఉద్దేశంతోనే పంపారు. చిన్నమ్మ వాళ్ళ ఎదుటే మా నాన్నతో చెప్పేసిందిట. నాకు ఈ కథ ఆవిడే చాలాసార్లు చెప్పింది, ప్రతిసారీ నవ్వుతూ.

"బావా, నాను పిల్ల కోసం వచ్చినాను. నీ కోసం కాదు. ఏటనుకోకు."

నాన్న ఏమనుకున్నాడో తెలియదు. ఆవిడ లోపలిగదిలో నాతో, నాన్న ముందుగదిలో, అలాగే ఆ ఇల్లు నడిచింది. కొన్నాళ్ళు నలుగురూ నాలుగు మాటలన్నారు, తర్వాత వాళ్ళకే విసుగొచ్చింది. నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది ఆవిడే. మా ఈడువాళ్ళకి తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడానికే గాని చదవడం రాదు. నాకు వచ్చిందంటే ఆవిడ మొండితనం వల్లే.

బళ్ళో వేసేటప్పుడు నాన్న తల్లి పేరు దగ్గర చిన్నమ్మ పేరు రాయించాడు. ఆయన దృష్టిలో అందులో తప్పేమీ లేదు. తల్లి చెల్లెలు తల్లి కాక ఇంకెవరు? ఎన్నో ఏళ్ళకి నా సర్టిఫికెట్టు చేతికొచ్చినప్పుడు గాని చిన్నమ్మకి ఆ సంగతి తెలియలేదు. ఆవిడ నాన్నతో గట్టిగా మాట్లాడ్డం నేను చూసింది ఆ ఒక్కసారే.

"మా అప్ప పేరు ఏదీ?" అంది.

"పోయిన మనిషి పేరు ఎందుకమ్మా అనుకున్నాను. నువ్వున్నావు కదా" అన్నాడు నాన్న.

"పోయింది. నేకుండా పోలేదు" అంది చిన్నమ్మ. ఉత్తరాంధ్రలో అప్ప అంటే అక్క. ఆ పేరు మార్పించాలని ఆవిడ చాలా తిరిగింది. ఎక్కడా పని కాలేదు. సర్టిఫికెట్టు అలాగే ఉండిపోయింది.

ఇంత చదివిన మనిషికి సొంతంగా ఆరోగ్య బీమా లేదు. చదివిన పాలసీ ఏదీ ఆవిడకి నచ్చలేదు. ప్రతిదాంట్లోనూ ఎక్కడో ఒక లైను దొరికేది. నేను ఉద్యోగంలో చేరాక ఎన్నిసార్లు పోరానో. "ఇంకా మంచిది వస్తాది, చూద్దుం" అనేది. చీరల కొట్లో కూర్చున్నట్టు కూర్చుంది. ఈలోగా సుగరొచ్చింది, నాన్న పోయాడు, క్వార్టరు ఖాళీ చేసి మేమిద్దరం సాల్ట్ లేక్‌లో అద్దె ఫ్లాటుకి వచ్చాం. అక్కడికొచ్చిన కొన్నాళ్ళకి ఆవిడకి నాలుగు మెట్లెక్కితే ఆయాసం రావడం మొదలైంది. గుండెలో కవాటం ఒకటి బిగుసుకుపోయిందని, ఆపరేషను చేసి మార్చాలని డాక్టరు చెప్పాడు. ఆ వయసులో, ఆ జబ్బు బయటపడ్డాక, కొత్తగా పాలసీ ఇచ్చేవాళ్ళు లేరు.

మా ఆఫీసు పాలసీలో మాత్రం దారి ఉంది. ఉద్యోగి తల్లిదండ్రులకి పాత జబ్బులున్నా మొదటిరోజు నుంచే ఇస్తారు. నేను ఆ కాగితాలు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను. చిన్నమ్మ కళ్ళజోడు పెట్టుకుని, స్కేలు తీసి, చివరినుంచి మొదలుపెట్టింది. నిర్వచనాల దగ్గరికి వచ్చి ఆగింది. కుటుంబం అనగా ఉద్యోగి, భార్య లేక భర్త, పిల్లలు, తల్లిదండ్రులు. ఆ లైను కింద స్కేలు పెట్టి నా వైపు తిప్పింది.

"ఇందులో నా ఊసు నేదు కదే."

"ఉంది. తల్లి అని ఉంది. నా సర్టిఫికెట్టులో తల్లి నువ్వే. అది చాలు, వాళ్ళు ఇంకేమీ అడగరు."

ఆవిడ స్కేలు పక్కన పెట్టింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"నీకు తెల్దు గాని, వయసు ఒక ఏడాది తప్పు రాసినావిడికి క్లెయిము ఇవ్వడం కుదర్దని నాను టైపు చేసినాను. ఈ చేతుల్తోనే. ఆవిడ ఆఫీసుకొచ్చి నా బల్ల దగ్గరే కూచుంది. నాను తప్ప ఆడమనిషి నేదు అక్కడ."

"ఇది తప్పు కాదు చిన్నమ్మా. నన్ను పెంచింది నువ్వు. ఎవర్నడిగినా తల్లి అనే చెబుతారు."

"పెంచినాను. ఎవరు కాదన్నారు?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "అది నిన్ను కని పోయింది. దానికి ఈ లోకంలో ఉన్నదల్లా ఆ ఒక్క గడి. తల్లి పేరు. బడి కాగితంలో మీ నాన్న తీసీసేడు. ఇప్పుడు నా గుండికాయ కోసం నువ్వు కూడా తీసీస్తావేటి?"

నేను చాలా మాటలన్నాను. పోయినవాళ్ళకి గడులు అక్కర్లేదన్నాను. ఉన్నవాళ్ళకి కావాలన్నాను. అమ్మే ఉంటే రాయించుకోమనేది అన్నాను. ఆవిడ అన్నీ విని, కాగితాలు సర్ది, ముందు పేజీ పైన పెట్టి నా చేతికిచ్చేసింది.

"సర్కారు ఆస్పత్రిలో లైనుంది. లైన్లో నిలబడ్డం నాకొచ్చు" అంది.

నిలబడింది కూడా. నాతో కలిసి తెల్లవారకుండా వెళ్ళేది, ముందూ వెనకా ఉన్నవాళ్ళతో సంసారాల సంగతులు మాట్లాడేది, ఒకరిద్దరి పాలసీలు అక్కడే నిలబడి చదివి పెట్టింది. ఆపరేషనుకి తేదీ ఇచ్చారు. ఆ తేదీ రాకముందే ఒక పొద్దున్న టీ పెట్టి పిలిస్తే పలకలేదు. బాల్కనీలో కుర్చీలో అలాగే ఉంది. నేను దగ్గరికి వెళ్ళి చూసి, లోపలికొచ్చి స్టవ్వు కట్టేశాను. కింద వాళ్ళకి ఫోను చేశాను. వాళ్ళు పైకొచ్చేలోగా ఆ టీ తాగాను. ఎందుకు తాగానో తెలియదు. చల్లారిపోతుందని కావచ్చు.

ఆవిడ మీద నాకు కోపం ఉంది. చెప్పేస్తున్నాను. ఒక్క మాట రాసుకోనిస్తే ఇవాళ ఉండేదేమో. ఉండకపోనూ వచ్చు, గుండె సంగతి ఎవరు చెప్పగలరు. అయినా కోపం ఉంది. ఏడుపు మాత్రం రాలేదు. శ్మశానంలో రాలేదు, దినాలు చేసినప్పుడు రాలేదు, ఆవిడ చీరలు మడతపెట్టినప్పుడూ రాలేదు.

పాలసీ ప్రింటు తీసుకున్న మర్నాడు, దినాలకి వాడుకున్న సెలవు సంగతి చూశాను. దగ్గరివాళ్ళు పోతే ఇచ్చే సెలవు మా దగ్గర వేరే ఉంది. దానికి కంప్యూటర్లో దరఖాస్తు పెట్టాలి. హెచ్.ఆర్.లో వరంగల్ అమ్మాయి ఒకతె ఉంది, కొత్తగా వచ్చింది, తెలుగు మాట్లాడ్డానికి నేను దొరికానని నన్ను అక్కా అని పిలుస్తుంది. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అక్కా, సంబంధం అన్నకాడ మదర్ అని పెట్టు. చిన్నమ్మ అంటే గా లిస్టుల లేదు."

"మదర్ కాదు కదా."

"పెంచినామె అమ్మనే గదా అక్కా. నీ సర్టిఫికెట్ల గూడ ఆమె పేరే ఉందని నువ్వే చెప్పినవ్. ఎవరు చూస్తరు?"

అన్నీ నేనన్న మాటలే. భోజనాల బల్ల దగ్గర నేను ఇంతకంటే గట్టిగా అన్నాను. ఆ పిల్ల మొహంలో నా మీద ఉన్న జాలి చూస్తే ఒప్పేసుకోవాలనే అనిపించింది. చెయ్యి మౌసు మీద ఉంది. మదర్ అన్న మాట తెర మీద ఉంది.

"మా అమ్మ వేరే ఉంది" అన్నాను.

"ఉన్నదా అక్కా? నువ్వెప్పుడు చెప్పలే."

"నేను పుట్టినప్పుడే పోయింది."

ఆ అమ్మాయి కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది. నేను 'ఇతరులు' అన్నది నొక్కి, పక్కనున్న ఖాళీలో తల్లి చెల్లెలు అని ఇంగ్లీషులో కొట్టి పంపించాను. తను లేచి వెళ్ళిపోతూ నా భుజం మీద చెయ్యి వేసింది.

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి జవాబు వచ్చి ఉంది. మనిషి రాసింది కాదు, దానంతటదే వచ్చేది. సెలవు మంజూరు కాలేదు. చనిపోయిన వ్యక్తి నిబంధనలో చెప్పిన కుటుంబం అనే నిర్వచనం కిందికి రారు.

చదివాను. మళ్ళీ చదివాను. అప్పుడు వచ్చింది ఏడుపు. ఆఫీసులో అందరి మధ్యా, కీబోర్డు మీద తల పెట్టుకుని, ఆపుకోలేనంతగా వచ్చింది. తెర మీద ఏవేవో అక్షరాలు బారులు తీరి పడుతున్నాయి.

మేమంతా దాదా అని పిలిచే పక్క సీటు బెంగాలీ ఆయన కంగారుగా లేచి వచ్చాడు. నీళ్ళ సీసా మూత తీసి చేతికిచ్చాడు. నేను దినాలకి వెళ్ళిన సంగతి ఆయనకి తెలుసు గాని, పోయింది ఎవరో తెలియదు. ఎవరు పోయారమ్మా అని నెమ్మదిగా బెంగాలీలో అడిగాడు.

"మా అమ్మ" అన్నాను.